చలికాలపు వాలు

జూన్ 14

వదినా,

నిన్న పొద్దుపోకముందే ఇల్లు చేరాను. నాతో వచ్చిన పనివాళ్ళు దారి పొడవునా నువ్వు పెట్టిన భోజనం గురించే మాట్లాడుకున్నారు తప్ప, మీ షెడ్డు మీద నేను బిగించిన సోలార్ ప్యానెళ్ళ గురించి ఒక్క మంచిమాట అనలేదు. ఇంజనీరు బతుకింతే.

అన్నయ్య సంగతి చూశావా? షెడ్డు కింద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఒకటే పెత్తనం. "ఆ వైరు లాగు, ఈ బోల్టు బిగించు." ముప్పై ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కిన లైన్‌మన్, సొంత చెల్లెలు పనిచేస్తుంటే ఒక్కసారైనా పైకొచ్చి చూశాడా? "రిటైరైనవాణ్ణి, నన్నెక్కించకు" అన్నాడు. చిన్నప్పుడు నన్ను వీపున వేసుకుని చెట్లెక్కేవాడు. అందరూ తనని ఉడత అనేవాళ్ళు. ఇప్పుడు ఉడతకి ఒళ్ళు బరువెక్కింది. ఈ ముక్క పైకి చదివి వినిపించు.

ఇక అసలు సంగతి. మీ కొండ మీద ఫోను అందదు, అందినా నోటిమాట నీటిమూటే. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఎండ ప్యానెల్ మొహాన తిన్నగా పడితేనే కరెంటు బాగా వస్తుంది. వేసవిలో సూర్యుడు నడినెత్తికి దగ్గరగా వస్తాడు కాబట్టి ప్యానెల్ కాస్త వెల్లకిలా పడుకోవాలి, ముప్పై డిగ్రీలు చాలు. చలికాలంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు మీ దక్షిణపు చెట్ల కొసల మీదే పాకుతుంటాడు. అప్పుడు ప్యానెల్ లేచి కూర్చోవాలి, అరవైకి. మధ్య రోజుల్లో నలభై ఐదు. ఫ్రేము వెనక కాళ్ళకి మూడేసి రంధ్రాలు పెట్టించింది అందుకే. అక్టోబర్‌లో బోల్టులు పై రంధ్రంలోకి, మార్చిలో మధ్యలోకి, మేలో మళ్ళీ కిందికి. పానా పట్టడం వచ్చినవాడికి ఒక పూట పని.

ఒకటి గుర్తుంచుకో. అన్నీ సరిగ్గా చేసినా డిసెంబర్‌లో వచ్చేది ఇప్పుడొచ్చే దాంట్లో పావు వంతే. నీ ఇంక్యుబేటర్లకీ, ఇంట్లో దీపాలకీ అది సరిపోయేట్టే లెక్క వేశాను. అరవై డిగ్రీల వాలు మీద మంచు కూడా నిలవదు, దానంతటదే జారిపోతుంది.

నీ కోడిపిల్లలకి నా ముద్దులు.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కదా, ఆ అర్ధమొగుణ్ణే,
బుల్లి


జులై 30

బుల్లెమ్మా,

చదివి వినిపించాను. "ఉడతకి ఒళ్ళు బరువెక్కితే పిల్లికి ఇంగ్లీషొచ్చిందట" అని ఏదో గొణిగి పెరట్లోకి వెళ్ళిపోయారు మీ అన్నయ్య.

ఏం కరెంటమ్మా ఇది! ఇంక్యుబేటర్లు రెండూ తిరుగుతున్నా బ్యాటరీలు మధ్యాహ్నానికల్లా నిండిపోతున్నాయి. ఇన్నాళ్ళూ జనరేటర్ రొదలో ఒకరి మాట ఒకరికి వినపడక, చిన్న విషయానికి కూడా అరుచుకుంటూ బతికాం. ఇప్పుడు పిల్ల గుడ్డు లోపలనుంచి ముక్కుతో పొడిచే చప్పుడు కూడా వినిపిస్తోంది. ఈసారి పిల్లలు ఎంత బాగా లేచాయంటే, కోళ్ళ డాక్టరు "ఏం మంత్రం వేశారమ్మా" అన్నాడు. మా ఆడపడుచు మంత్రం అన్నాను.

ఊరందరికీ వైర్లు లాగిన మనిషి ఇంటికి మాత్రం ఆయన ఆఫీసువాళ్ళు వైరు లాగలేదు. ఆఖరి స్తంభం దాటి కొండెక్కించడం కుదరదన్నారు. దీపం కింద చీకటంటే ఇదే కాబోలనుకునేదాన్ని. ఆ చీకటి నువ్వు పోగొట్టావు. ఇంక అక్కర్లేదని జనరేటర్ కూడా అమ్మేశాం.

కోణం మార్చే సంగతి గుర్తుచేస్తే, "అక్టోబర్ రానీవే, నాకు చెప్పాలా" అన్నారు. నువ్వు నిశ్చింతగా ఉండు.

అర్ధమొగుడి మాట జవదాటని
వదిన


డిసెంబర్ 9

బుల్లీ,

నువ్వు పనిలో మునిగి ఉంటావని తెలుసు. అయినా రాయక తప్పడం లేదు. మూడు వారాలుగా కరెంటు చాలడం లేదు. చీకటి పడేసరికే ఇన్వర్టర్ కుయ్యోమని మొదలుపెడుతుంది. ఒక ఇంక్యుబేటర్ ఆపేశాను. ఇంట్లో ఒక్క దీపం పెట్టుకుంటున్నాం.

పావు వంతు వస్తుందన్నావు. అంత కూడా రావడం లేదు. మీ అన్నయ్య అక్టోబర్‌లోనే కోణం మార్చేశారు. నేను దాణాకి ఊళ్ళోకి వెళ్ళిన రోజు ఎక్కి బిగించారట. నేను పైకెక్కలేదు గానీ, ఆ పిట్టగోడ అడ్డంతో కిందనుంచి అంచులు తప్ప ఏం కనిపించవు కదా.

ఫ్యూజులు కొనడానికి వెళ్తే హార్డ్‌వేర్ కొట్టాయన, "పాత సరుకై ఉంటుందమ్మా, చుట్టాలకి అంటగట్టేవి అవే" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చి ఆయనతో అంటే మాత్రం నవ్వలేదు. "ఎవరో వద్దని వెనక్కిచ్చినవిలే" అన్నారు. ఆ మాట నాతో ఎందుకనలేదు బుల్లీ? చెబితే వద్దంటానా?

ఏం చెయ్యాలో రాయి. ఫిబ్రవరిలో వసంతానికి మొదటి విడత గుడ్లు పెట్టాలి.

వదిన


డిసెంబర్ 22

వదినా,

హార్డ్‌వేర్ కొట్టాయన చదువు నాకు లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ప్యానెళ్ళు పాతవి కావు. ఎవరో ఆర్డరిచ్చి ఇల్లు కట్టడం మానుకున్నారు. పెట్టెలు విప్పకుండానే మా గోడౌన్‌కి తిరిగొచ్చాయి. మేనేజరుని బతిమాలి మీకిప్పించాను. అన్నయ్యతో చెప్పాను కాబట్టి నీతో చెప్పినట్టే అనుకున్నాను.

అన్నయ్య మొన్న ఊళ్ళోనుంచి ఫోన్ చేశాడు. నువ్వు గదిలో హీటర్ పెట్టుకుంటున్నావట. "మీ వదినకి చలి ఎక్కువ, చెబితే వినదు" అన్నాడు. చలికాలపు ఎండతో హీటర్ నడపడమంటే చెంచాతో చెరువు నింపడం. అది ఆపితే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. నాతో దాచాల్సిన పనేముంది?

వాలు సరిగ్గా లేకపోతే వచ్చే ఆ కాస్త దాంట్లోనూ పావు వంతు పోతుంది. మంచు నిలిచిందంటే మొత్తం పోతుంది. ప్యానెళ్ళ మీద మంచు నిలుస్తోందా? ఇది ఒక్కటి చూసి రాయి.

మంచు కరిగి మీ కొండ రోడ్డు బండ్లకి తెరవగానే నేనే వస్తాను.

బుల్లి


ఫిబ్రవరి 27

బుల్లీ,

ఇంట్లో హీటర్ లేదు. ఉన్న ఒక్కదాన్నీ నువ్వు ప్యానెళ్ళు పెట్టిన నెలలోనే మా అక్కకి ఇచ్చేశాను. ఈ చలికాలమంతా రెండు స్వెట్టర్లూ, పైన మీ అన్నయ్య డ్యూటీ కోటూ వేసుకుని తిరిగాను. హీటర్ సంగతి ఆయన్ని నిలదీశాను. "నేనెప్పుడన్నాను? తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి అది కల్పిస్తోంది" అన్నారు. నువ్విలాంటిదానివని నేననుకోలేదు.

గుడ్లు పోయాయి. పొదిగించడానికి పెట్టిన విడత మొత్తం. రెండు రోజులు వరసగా మబ్బు, మూడోరోజు తెల్లారేసరికి ఇంక్యుబేటర్ చల్లబడిపోయింది. వేడినీళ్ళ సీసాలు పెట్టాను, దుప్పట్లు కప్పాను, నా ఒళ్ళో పెట్టుకున్నాను. పిల్లలు లేవాల్సిన రోజు ఒక్కటీ పొడవలేదు. పగలగొట్టి చూస్తే అన్నిట్లోనూ పూర్తిగా తయారైన పిల్ల. ఈకలు కూడా వచ్చేశాయి. పెంపకంవాళ్ళు వసంతానికి పిల్లల కోసం వస్తే ఏం చెప్పమంటావు?

మంచు నిలుస్తోందా అనడిగావు. నిలుస్తోంది. రోడ్డు మలుపు దగ్గరనుంచి చూస్తే షెడ్డు మీద తెల్లటి పరుపు పరిచినట్టుంది. దానంతటదే జారిపోతుందన్నావు. వారాల తరబడి జారలేదు. నీ మాటలన్నీ ఇలాంటివేనేమో.

మీ ఆఫీసుకి ఉత్తరం రాశాను. ఎవరో వద్దన్న సరుకు సొంత అన్నకి పెట్టి, అడిగితే మా మీద నెట్టిందని రాశాను. మా ఆయన వచ్చి వివరాలు చెబుతారని కూడా రాశాను. నువ్వు ఇక రావక్కర్లేదు.

వదిన


మార్చి 16

వదినగారికి,

మీ ఫిర్యాదు మా మేనేజరు నా టేబుల్ మీద పెట్టాడు. అందరి ముందూ చదివాను.

గుడ్లు పోయినందుకు చాలా బాధపడ్డాను. మీరు నమ్మినా నమ్మకపోయినా.

ఒక్క విషయం రాసి ఊరుకుంటాను. అరవై డిగ్రీల గాజు మీద మంచు వారాల తరబడి నిలవదు. పడుకున్న ప్యానెల్ మీదే నిలుస్తుంది. హీటర్ మాట నేను కల్పించలేదు. ఈ రెండూ కలిపి చూస్తే మన ముగ్గురిలో ఎవరో ఒకరు నిజం చెప్పడం లేదు. షెడ్డు ఎక్కి బోల్టులు ఏ రంధ్రంలో ఉన్నాయో చూడండి. మీరెక్కలేకపోతే ఎవరినైనా ఎక్కించండి. అన్నయ్యని మాత్రం అడగకండి.

ఇట్లు,
మీ ఆడపడుచు


మార్చి 25

మొగుడి మీద పెళ్ళాన్ని కాపలా పెట్టే ఆడపడుచుని ఇప్పుడే చూస్తున్నాను. ఆయన గాలివానలో, పిడుగుల్లో స్తంభాలెక్కి ఊరికి వెలుగిచ్చిన మనిషి. నా షెడ్డెక్కి బోల్టు మార్చారో లేదో నేను నిచ్చెన వేసుకుని తనిఖీ చెయ్యాలా? చెయ్యను.

నువ్విచ్చిన శాలువా పార్సిల్ చేశాను. అందినట్టు కూడా రాయొద్దు.


అక్టోబర్ 19

బుల్లీ,

ఈ కవరు మీద నా రాత చూసి చింపేస్తావేమో. చింపకు. చదివాక చింపు.

వేసవిలో కరెంటు మళ్ళీ ధారాళంగా వచ్చింది. కడుపు నిండితే గతం గుర్తుండదంటారు, మాకూ గుర్తులేదు. మీ అన్నయ్య హుషారుగానే తిరిగారు. సెప్టెంబర్ చివర పొగమంచు మొదలవగానే ఆయన వెంటపడ్డాను. "ఈసారి నేనుండగా మార్చండి. నిచ్చెన పట్టుకుంటాను" అన్నాను. ఒకరోజు గాలి అన్నారు. ఒకరోజు రేకులు తడిగా ఉన్నాయన్నారు. ఇంకోరోజు మోకాలు. నిన్న నేనే నిచ్చెన తెచ్చి షెడ్డుకి ఆనించి, పానా ఆయన జేబులో పెట్టి, "ఎక్కండి" అన్నాను.

ఎక్కారు. సగందాకా వెళ్ళి ఆగిపోయారు. రెండు చేతులూ నిచ్చెన చుట్టూ బిగించి, మొహం మెట్టుకి ఆనించుకుని ఉండిపోయారు.

"ఏమయిందండీ?"

"కదపకే. నిచ్చెన కదుపుతున్నావు."

"నేను కదపడం లేదు."

"కదులుతోందే! అంతా తిరుగుతోంది. షెడ్డు కూడా తిరుగుతోంది."

ఆ చలిలో ఆయన మెడ వెనక చెమట కారుతోంది. నేను వెనకనుంచి ఎక్కి, ఆయన పాదం చేత్తో పట్టుకుని కింద మెట్టు మీద పెట్టాను. తర్వాత రెండో పాదం. మళ్ళీ మొదటిది. కిందికి రాగానే మట్టిలో కూలబడి కళ్ళు మూసుకున్నారు. ఆయన జేబులోంచి పానా తీసుకుని నేనే ఎక్కాను.

బోల్టులన్నీ కింది రంధ్రాల్లోనే ఉన్నాయి. బిగించినప్పుడు మీవాళ్ళు నట్ల మీద పూసిన ఎర్రరంగు గీత చెక్కుచెదరలేదు. దాని చుట్టూ తుప్పు. పై రంధ్రాల్లో సాలెగూళ్ళు. నువ్వు జూన్‌లో పడుకోబెట్టినవి పడుకోబెట్టినట్టే ఉన్నాయి. ఒక చలికాలం మొత్తం అలాగే వెల్లకిలా పడుకుని మంచు కప్పుకున్నాయి.

దిగొచ్చి, "ఎన్నాళ్ళనుంచి?" అనడిగాను.

"రిటైరవకముందు నుంచే. చెవిలో ఏదో లోపమట. పైకెక్కితే తల తిరుగుతుంది. ఆఖరిసారి స్తంభం మీదే బెల్టుకి వేలాడాను. మావాళ్ళు తాళ్ళు వేసి దించారు. ఎవరికీ చెప్పొద్దని వాళ్ళ కాళ్ళు పట్టుకున్నాను."

"నాకు చెబితే ఏం పోయేది?"

"స్తంభమెక్కలేని లైన్‌మన్ని ఏమంటారే? నీ నోట ఆ మాట వినలేను."

"అందుకని చెల్లెల్ని దొంగని చేశారా?"

"అంతదూరం పోతుందనుకోలేదు" అన్నారు. అంతే.

నట్లకి నూనె పోసి నేనే విప్పాను. చేతులు రెండూ గీసుకుపోయాయి. సాయంత్రానికి ఆఖరి ప్యానెల్ కూడా లేచి కూర్చుంది. ఇంత తేలికైన పని. ఇంతదానికా నా గుడ్లు పోయాయి? ఇంతదానికా నిన్ను అన్ని మాటలన్నాను? చూడమని నువ్వు చెప్పిన రోజే ఎక్కి ఉంటే సరిపోయేది. పౌరుషం అడ్డొచ్చింది. అది నాదో ఆయనదో కూడా తెలీదు.

నేను రాసిన ఫిర్యాదు వల్ల నీకేమైనా ఇబ్బంది కలిగిందా? మీ ఆఫీసునుంచి మాకు జవాబేమీ రాలేదు. ఇప్పుడు నిజం రాసి పంపుతాను. నువ్వొకసారి రా బుల్లీ. తిట్టడానికైనా రా.

వదిన


నవంబర్ 5

వదినగారికి,

ఉత్తరం అందింది. మీకు జవాబు రాలేదన్నారు. జవాబు అన్నయ్యకి వచ్చింది. మేలో మా ఆఫీసుకి పిలిపించారు. ఆ రోజు మీతో ఏం చెప్పి వచ్చాడో నాకు తెలీదు.

మేనేజరు గదిలో నేనూ ఉన్నాను, నా కింద పనిచేసేవాళ్ళూ ఉన్నారు. మేనేజరు అడిగాడు, "చలికాలానికి కోణం మార్చారా?" అని. "అక్టోబర్‌లోనే మార్చాను" అన్నాడు. "మీరే ఎక్కారా?" అంటే, "ముప్పై ఏళ్ళు ఎక్కినవాణ్ణండీ, షెడ్డు ఒక లెక్కా" అని నవ్వాడు. వాళ్ళూ నవ్వారు. అన్నయ్య నావైపు చూడలేదు. వెళ్ళేముందు, "చిన్నపిల్ల, ఏదో పొరపాటు చేసుంటుంది, మన్నించండి" అని నా తరఫున సిఫారసు కూడా చేశాడు.

మా ఆఫీసు మూడో అంతస్తులో ఉంటుంది. దిగేటప్పుడు నేను మెట్ల పైన నిలబడి చూశాను. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, గోడవైపు తిరిగి, పక్కపక్కగా ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. అప్పుడర్థమైంది నాకు, షెడ్డు కింద చేతులు వెనక్కి కట్టుకుని ఎందుకు నిలబడ్డాడో.

మేనేజరు గది తలుపు అక్కడికి నాలుగడుగులు. వెళ్ళి ఒక్కమాట చెబితే నా డిజైన్ పని నాకుండేది. తలుపు దాకా వెళ్ళాను. చేయి వెయ్యలేకపోయాను. నేను చెప్పడం కాదు, తనే వెనక్కి తిరిగి వచ్చి చెప్పాలనిపించింది. వస్తాడని కిటికీ దగ్గర నిలబడ్డాను. బస్టాపులో చాలాసేపు కూర్చున్నాడు. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు లేస్తాడు అనుకున్నాను. బస్సొచ్చింది. ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ వారమే, తప్పు నా లెక్కల్లోనే ఉందని తేల్చి, నన్ను డిజైన్ నుంచి తీసేసి గోడౌన్‌లో వేశారు. ఇప్పుడు బోల్టులూ క్లాంపులూ లెక్కపెట్టి ఇస్తుంటాను. నేను తయారుచేసిన పిల్లే నా కుర్చీలో కూర్చుని కోణాలు వేస్తోంది. మంచి పిల్ల. నన్ను చూసినప్పుడల్లా తల దించుకుంటుంది.

మీరు ఆఫీసుకి మళ్ళీ రాయకండి. వదినా ఆడపడుచుల తగువు సద్దుమణిగిందని నవ్వుకుంటారు తప్ప ఎవరూ నమ్మరు. అన్నయ్య వచ్చి చెబితే నమ్ముతారు. అది మీరు అడిగి చెప్పించొద్దు.

నట్లకి నూనె చాలదు, గ్రీజు పెట్టండి. మార్చిలో మధ్య రంధ్రం మరిచిపోకండి. గడ్డకట్టిన రోజుల్లో మీరు నిచ్చెనెక్కకండి.

నేను రాను. నా మీద మీకున్న నమ్మకం ఒక్క చలికాలం కూడా ఆగలేదు. ఆ ఇంట్లో కూర్చుని మీరు పెట్టింది తినడం నావల్ల కాదు.

మీ ఆడపడుచు


డిసెంబర్ 18

బుల్లీ,

దీనికి జవాబు రాయకు. చెప్పాల్సింది చెప్పేసి ఊరుకుంటాను.

మొన్న పెద్ద మంచు పడింది. తెల్లారి పొద్దెక్కగానే షెడ్డు మీదనుంచి ధబ్‌మని చప్పుడు. పరుగెత్తుకెళ్ళి చూస్తే మంచంతా జారి షెడ్డు వెనకాల కుప్పపడింది. రోడ్డు మలుపు దగ్గరనుంచి చూస్తే గాజు నల్లగా, శుభ్రంగా ఉంది. నువ్వు చెప్పినంత కరెంటే వస్తోంది. ఒక్క చుక్క తక్కువ లేదు. ఇన్వర్టర్ నోరెత్తడం లేదు. ఈసారి గుడ్లు బతుకుతాయి.

మీ అన్నయ్య మేలో ఒకరోజు ఇంక్యుబేటర్‌కి థర్మోస్టాట్ కొనాలని పట్నం వెళ్ళారు. కొనుక్కొచ్చారు కూడా. నీ ఉత్తరం వచ్చాక వారం రోజులు ఆ మాట లోపలే మింగాను. ఆగలేక ఒకరోజు అడిగాను, "మేలో పట్నం వెళ్ళినప్పుడు బుల్లిని కలిశారా?" అని.

"లేదే. టైమెక్కడిది? కొట్టు వెతుక్కునేసరికే పొద్దుపోయింది" అన్నారు.

తడబడలేదు. నా కళ్ళలోకి చూసే చెప్పారు. నిచ్చెన మీద ఆయన పాదం నా చేత్తో పట్టుకుని దించినప్పుడు, ఇంక ఈ మనిషి నా దగ్గర దాచడానికేం మిగల్లేదనుకున్నాను. పిచ్చిదాన్ని.

నీ ఉత్తరం తీసి ముందు పెడదామనుకున్నాను. పెట్టలేదు. అడిగి చెప్పించొద్దన్నావు. తనంతట తనే చెబుతారేమోనని నేనూ చూస్తున్నాను. నువ్వు కిటికీ దగ్గర చూసినట్టే.

నిన్న భోజనాల దగ్గర, "బుల్లి ఏమైనా రాసిందా?" అనడిగారు.

"లేదు" అన్నాను.

"కోపం తగ్గాక అదే రాస్తుందిలే. దానికి నేనంటే ప్రాణం" అని కంచం దగ్గరికి లాక్కున్నారు.

ఇప్పుడు అన్ని గదుల్లోనూ దీపాలు వెలుగుతున్నాయి బుల్లీ. ఎదురుగా కూర్చుంటే ఆయన మొహంలో ప్రతి గీతా కనిపిస్తోంది. కాసేపు చూసి, వడ్డించాను.

వదిన